మాల తీసిన మరునాడు

(అనంతపురంలో ఒక ఆదివారం పొదుపు సంఘాల మహిళలు, వారి కుటుంబాల కోసం ఏర్పాటైన సభలో విశ్రాంత స్టాఫ్ నర్సు ఒకరు చేసిన ప్రసంగం. ఆమె మాట్లాడిన తీరును అలాగే ఉంచి, మళ్ళీ మళ్ళీ వచ్చిన మాటలు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ అన్నలు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు వరుసలో కూర్చున్నంత మాత్రాన మీరు తాగుతారని ఎవరూ అనుకోరులే. (నవ్వులు)

నేను డాక్టర్ని కాదు. ఉద్యోగమంతా ఆసుపత్రుల్లో గడిచింది, చివరి ఏళ్ళు మానసిక వైద్య విభాగంలో. తాగుడు మానడానికి చేరినవాళ్ళకు ఇంజక్షన్ వేసేది, ఫిట్స్ వస్తే పట్టుకునేది, అర్ధరాత్రి గోడ మీద పాములు పాకుతున్నాయని అరిస్తే పక్కన కూర్చునేది నర్సులే. అందుకని తాగుడు మంచిదా చెడ్డదా అని ఉపన్యాసం ఇవ్వను. ఆ సంగతి ఇక్కడున్న ఆడవాళ్ళకు నాకంటే ఎక్కువ తెలుసు. మానిన మనిషి మానినట్టే ఉండాలంటే ఏం కావాలి, అది యాడ దొరుకుతుంది, అంతవరకే మాట్లాడతాను.

మన జిల్లాలో తాగుడు మానడం చేతకాని మనిషి లేడంటే నమ్ముతారా? కార్తీకం రానీండి. రోజూ క్వార్టర్ లేనిదే అన్నం ముట్టని మనిషి అయ్యప్ప మాల వేసుకుంటాడు. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టడు. తెల్లారకముందే చన్నీళ్ళ స్నానం, చాప మీద పడక, ఒంటిపూట భోజనం. పెళ్ళాం ముఖంలో కళ వస్తుంది, పిల్లలు దగ్గరికొస్తారు. శబరిమల పోయి వస్తాడు. గుడిలో మాల తీస్తాడు. కొందరైతే ఆ సాయంత్రానికే మళ్ళీ వైన్ షాపు దగ్గరుంటారు.

దీన్ని చూసి మనం ఏమంటాం? భక్తి లేదు, బుద్ధి లేదు అంటాం. నేనూ ఆ కుటుంబాలతో కూర్చుని చాలాసార్లు ఆలోచించాను. మాల వేసిన రోజుల్లో అతని చుట్టూ ఏముంది? నలుగురు స్వాములు. పొద్దున్నే లేపేవాళ్ళు, సాయంత్రం భజనకు పిలిచేవాళ్ళు, కలిసి వండుకుని కలిసి తినేవాళ్ళు. పేరు పోయి అందరూ 'స్వామీ' అని పిలుస్తారు. సాయంత్రం ఆరు గంటలకు, అంటే తాగేవాడికి ఒళ్ళు లాగే సరిగ్గా ఆ వేళకు, అతనికి పోవడానికి ఒక చోటుంది. మాల తీసిన మరునాడు ఆ చోటు లేదు, ఆ మనుషులు లేరు. సాయంత్రం మాత్రం ఎప్పటిలాగే వస్తుంది.

అంటే మానడం వేరు, మానిన తర్వాతి సాయంత్రాలు గడపడం వేరు. మందులు, ఇంజక్షన్లు మొదటిదానికి సాయం చేస్తాయి. రెండోదానికి మనుషులు కావాలి. అది కూడా మామూలు మనుషులు చాలరు, అదే బాధ పడి బయటికొచ్చినవాళ్ళు కావాలి. ఆల్కహాలిక్స్ అనానిమస్ అని, పొట్టిగా ఏఏ అని మీరు వినుంటారు, తాగుడు మానినవాళ్ళు, మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుండే సంఘం. ఆ మీటింగులు ఉన్నది దీనికే.

దాంట్లోకి పోయే ముందు ఒక హెచ్చరిక. ఇది రాసుకోండి. పొద్దున లేవగానే చేతులు వణికి, కాస్త పడితే గానీ వణుకు ఆగనివాళ్ళు ఉంటారే, వాళ్ళు మాల కోసమైనా, ఒట్టు పెట్టుకున్నా, ఒక్కసారిగా ఇంట్లో ఆపేయకూడదు. ఆఖరిసారి తాగిన ఆరు గంటలకే వణుకు, చెమట, గుండెదడ మొదలవ్వొచ్చు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి మతి తప్పి, లేనివి కనబడతాయి. అది దయ్యం కాదు, గాలి కాదు. వైద్యం చేయకపోతే ప్రాణం పోయే స్థితి. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకుంటే తగ్గిపోతుందనుకుంటారు. బాగా తాగేవాళ్ళ ఒంట్లో బీ1 విటమిన్ అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా ఒట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకే దెబ్బ తగలొచ్చు. కాబట్టి ఇట్లాంటివాళ్ళు ముందు సర్వజనాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి పోవాలి. మీటింగ్ దాని తర్వాతైనా సరే, దానితో పాటైనా సరే. ఆసుపత్రి బదులు మాత్రం కాదు.

ఇప్పుడు ఈ ఏఏ ఎట్లా పుట్టిందో చెప్తాను. కథలా ఉంటుంది గానీ జరిగిందే.

1935. అమెరికాలో ఒహాయో రాష్ట్రం, యాక్రన్ అనే ఊరు. న్యూయార్క్ నుంచి బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి పని మీద వచ్చాడు. తాగుడుతో అన్నీ పోగొట్టుకుని, కొన్ని నెలలుగా మానేసి ఉన్న మనిషి. వచ్చిన పని చెడిపోయింది. చేతిలో డబ్బు లేదు, తెలిసినవాళ్ళు లేరు, హోటల్ లాబీలో ఒక్కడే ఉన్నాడు. బార్ లోంచి నవ్వులు వినబడుతున్నాయి. ఈ పరిస్థితి ఇక్కడున్న చాలామందికి తెలుసు, నేను వర్ణించనక్కర్లేదు. అతను బార్ వైపు పోకుండా టెలిఫోన్ దగ్గరికి పోయాడు. ఊళ్ళోని చర్చిల జాబితా చూసి వరసగా ఫోన్లు చేశాడు. ఏమడిగాడు? డాక్టర్ని అడగలేదు, ఫాదర్‌ని ప్రార్థన చేయమనలేదు. నేను మాట్లాడటానికి ఇంకో తాగుబోతు కావాలన్నాడు.

అట్లా మాటా మాటా కలిసి బాబ్ స్మిత్ అనే డాక్టర్ దొరికాడు. ఆపరేషన్లు చేసే సర్జన్, చేతులు వణికేంత తాగుడు. ఎవరో నీతులు చెప్పడానికి వస్తున్నారనుకుని, పావుగంట కంటే కూర్చోనని ముందే చెప్పాడు. సాయంత్రం మొదలైన మాటలు రాత్రి పదకొండు దాటేదాకా సాగాయి. ఎందుకంటే బిల్ అతనికేమీ బోధించలేదు. తన సంగతి తాను చెప్పుకున్నాడు, అంతే. మధ్యలో డాక్టర్ ఒకసారి జారాడు కూడా, మళ్ళీ తాగాడు. ఆ తర్వాత 1935 జూన్ 10న తాగింది ఆయనకు ఆఖరిది. ఆ తేదీనే ఏఏ పుట్టినరోజుగా లెక్కపెడతారు. మన దేశానికి ఇది 1957లో వచ్చింది.

దీంట్లో నాకు నచ్చింది ఒకటుంది. ఆ రోజు ఫోన్ చేసినవాడు ఎదుటివాణ్ణి బాగు చేద్దామని చేయలేదు. తాను తాగకుండా ఉండటానికి చేశాడు. భార్య చెప్పినా, తల్లి ఏడ్చినా, డాక్టర్ భయపెట్టినా వినని మనిషి ఇంకో తాగుబోతు మాట ఎందుకు వింటాడో నాకు వార్డులో అర్థమైంది. మేం ఎంత మెల్లగా మాట్లాడినా రోగికి తను కింద, మేం పైన అనే అనిపిస్తుంది. మానేసిన పాత రోగి ఎవరైనా మందులకు వచ్చి, పోతూ పోతూ మంచం అంచున కూర్చుని "నేను పెళ్ళాం తాళి కుదువబెట్టి తాగినాన్రా" అన్నాడనుకోండి, పక్కవాడు లేచి కూర్చుంటాడు. అది మాకు చేతనైన పని కాదు.

సరే, మీటింగులో ఏం జరుగుతుంది? చాలామందికి ఇదే భయం. ఫోటో తీస్తారా, సంతకం పెట్టించుకుంటారా, ఆధార్ అడుగుతారా? ఏదీ లేదు. ఓపెన్ మీటింగ్ అని ఒకటుంటుంది, దానికి ఇంటివాళ్ళు, నాలాంటివాళ్ళు ఎవరైనా పోవచ్చు. క్లోజ్డ్ మీటింగ్ అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్ళకు మాత్రమే. నేను ఓపెన్ మీటింగుల్లో కూర్చున్నాను. ఏదో స్కూలు గదో, చర్చి హాలో ఉంటుంది. గంట, గంటన్నర. మొదట కాసేపు మౌనం, ఒక చిన్న ప్రార్థన. తర్వాత ఒకరొకరే మాట్లాడతారు. నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని అని మొదలుపెట్టి తన సంగతి చెప్తారు. ఇంటిపేరు, ఉద్యోగం చెప్పనక్కర్లేదు. మాట్లాడుతుంటే ఎవరూ అడ్డురారు, సలహాలివ్వరు. ఇది మనకు వింతగా ఉంటుంది, మన దగ్గర ఇద్దరు కలిస్తే మూడు సలహాలు పుడతాయి కదా. (నవ్వులు) మీకు మాట్లాడాలని లేకపోతే 'ఈ రోజు వింటాను' అంటే చాలు.

చేరడానికి ఒకటే అర్హత, తాగుడు మానాలనే కోరిక. మానేసి రావాలని కాదు, మానాలని ఉంటే చాలు. తాగి వచ్చినా చాలాచోట్ల గెంటరు, మాట్లాడకుండా కూర్చుని వినమంటారు. ఫీజు లేదు. చివర్లో ఒక సంచో డబ్బానో తిప్పుతారు, సభ్యులు పదో ఇరవయ్యో వేస్తారు, అది టీకి, గది అద్దెకు. కొత్తవాళ్ళు వేయకపోయినా ఏమీ అనుకోరు. బయటివాళ్ళ దగ్గర చందా తీసుకోరు, ఎమ్మెల్యేగారు ఇస్తానన్నా వద్దంటారు. ఇది గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే ఎవరైనా ఏఏ అని చెప్పి వేలకు వేలు ప్యాకేజీ అన్నారంటే అది ఏఏ కాదు. ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్లలో మంచివున్నాయి, లేవనను. కానీ రిజిస్ట్రేషన్ ఉందా, డాక్టర్ ఉన్నాడా, ఇంటివాళ్ళను చూడనిస్తారా అని అడగకుండా మనిషిని అప్పజెప్పొద్దు. గొలుసుతో కట్టేయడం ఏ రూపంలోనైనా 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. కొట్టి మాన్పిస్తాం అనేవాడి దగ్గరికి అసలే పోవద్దు.

దేవుడి సంగతి కూడా అడుగుతారు. తాగుడు మానడానికి వాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి పాటించే పన్నెండు మెట్లలో దేవుడి మాట ఉంది. కానీ ఎవరికి అర్థమైన దేవుడు వాళ్ళకు. కదిరి నరసింహస్వామికి మొక్కేవాడు, పెనుకొండ బాబయ్య దర్గాకు పోయేవాడు, ఆదివారం చర్చికి పోయేవాడు పక్కపక్కనే కూర్చుంటారు. ఏ దేవుడూ లేడనేవాళ్ళు ఆ గదిలోని మనుషులనే నమ్ముకుంటారు. ఎవరూ మతం మార్చరు.

ఇక అసలు అడ్డంకి. సిటీలో అయితే ఎవరూ ఎవరినీ పట్టించుకోరు. మన దగ్గర అట్లా కాదు. క్లాక్ టవర్ దగ్గర ఎవరితో టీ తాగామో ఇంటికి పోయేలోపు ఇంట్లో తెలుస్తుంది. పేరు చెప్పక్కర్లేదంటారు, సరే, ముఖం ఎక్కడ దాచుకోవాలి? టీచర్ ఉద్యోగం చేసేవాడికి, ఆర్టీసీ డ్రైవర్‌కి, కోర్టులో ప్లీడర్‌కి ఇది నిజమైన భయం, నేను కొట్టిపారేయను. కానీ రెండు మాటలు. ఒకటి, మీరు తాగుతారని ఊరికి తెలియదనుకుంటున్నారు చూడండి, ఆ భ్రమ ఒక్క మీకే ఉంది. (నవ్వులు) రెండు, క్లోజ్డ్ మీటింగులో మిమ్మల్ని చూసినవాడు కూడా అందుకే వచ్చాడు. అయినా మనసొప్పకపోతే మొదట పక్క ఊళ్ళో మొదలుపెట్టండి. మనకు బెంగళూరు రెండు వందల కిలోమీటర్ల చిల్లర. మన పిల్లలు సగంమంది అక్కడే పనిచేస్తున్నారు. బెంగళూరు, హైదరాబాద్, చెన్నైల్లో చాలా మీటింగులు జరుగుతాయి. ఏ భాషలో జరుగుతుందో ముందే అడిగి పోండి, లేకపోతే అర్థంకాని భాషలో గంట కూర్చుని ఇది నాకు పనికిరాదని వచ్చేస్తారు. కరోనా తర్వాత జూమ్‌లో ఆన్‌లైన్ మీటింగులు బాగా పెరిగాయి. వీడియో ఆపేసి వినొచ్చు. ఇంట్లో తెలియకుండా తాగే ఆడవాళ్ళు కూడా ఉన్నారు, మన సమాజం వాళ్ళను మగవాళ్ళ కంటే పదింతలు ఎక్కువ తిడుతుంది. వాళ్ళకు ఆడవాళ్ళ మీటింగులు విడిగా ఆన్‌లైన్‌లో ఉన్నాయి.

మీటింగ్ ఎక్కడుందో కనుక్కోవడం ఎట్లా? ఫలానా ఊళ్ళో ఫలానా వారం అని నేనిప్పుడు చెప్పను. గదులు మారతాయి, వారాలు మారతాయి, నా మాట నమ్మి పోతే తాళం కనబడుతుంది. తాగుడు మానాలని ధైర్యం చేసి వచ్చినవాడికి తాళం వేసిన గది కనబడితే వాడు నేరుగా ఎక్కడికి పోతాడో మీకు తెలుసు. అందుకని ముందు ఫోన్ చేసి, ఈ వారం ఉందా అని అడిగే పోవాలి. 14446, ఇది మత్తు మానడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు. 14416, ఇది టెలీ మానస్, మానసిక సమస్యలకు ప్రభుత్వం పెట్టిన నంబరు, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఏఏకి మన దేశంలో సొంత వెబ్‌సైట్ ఉంది, అందులో ఊళ్ళవారీగా వెతకొచ్చు, మీ పిల్లలు నిమిషంలో తీసిపెడతారు. సర్వజనాసుపత్రి మానసిక విభాగంలో కౌన్సిలర్‌ని అడగండి, మానేసినవాళ్ళ ఫోన్ నంబర్లు వాళ్ళ దగ్గర ఉండొచ్చు.

పోయినవాళ్ళు ఒక్కసారి చూసి తీర్పు చెప్పొద్దు. ఒక గదిలో ముసలివాళ్ళే ఉండొచ్చు, ఇంకో గదిలో ఒకాయనే గంటంతా మాట్లాడొచ్చు. నాలుగైదు మీటింగులు చూడండి. బయటికొచ్చేటప్పుడు ఒకరిద్దరి నంబర్లు తీసుకోండి. మీటింగ్ వారానికి ఒకటో రెండో ఉంటుంది, ఒళ్ళు లాగే సాయంత్రాలు ఏడూ ఉంటాయి. ఆ మిగతా రోజుల్లో పనికొచ్చేది ఆ నంబరే. కొన్నాళ్ళకు పాతవాళ్ళలో ఒకరిని స్పాన్సర్‌గా అడగొచ్చు. స్పాన్సర్ అంటే డబ్బిచ్చేవాడు కాదు, దారి చూపే అన్నలాంటివాడు.

ఇది అందరికీ పనిచేస్తుందా? చేయదు. 2020లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ అనే సంస్థ 27 అధ్యయనాలను, పదివేల మందికి పైగా మనుషుల వివరాలను పరిశీలించి చెప్పిందేమంటే, పద్ధతిగా ఏఏ వైపు నడిపించే చికిత్స, పూర్తిగా మానేసి ఉండే విషయంలో, మిగతా కౌన్సెలింగ్ పద్ధతుల కంటే మెరుగ్గా ఉంది అని. మెరుగు అంటే కొంత మెరుగు, మహిమ కాదు. కొందరికి ఆ వాతావరణం పడదు. వాళ్ళకు డాక్టర్లున్నారు, తాగాలనే యావ తగ్గించే మాత్రలున్నాయి, కౌన్సిలర్లున్నారు. నన్ను బాధపెట్టేది వేరే లెక్క. 2019లో కేంద్రం విడుదల చేసిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందింది. మిగతా 37 మంది ఏ దారీ పట్టనివాళ్ళు. ఏఏ మంచిదా, మాత్రలు మంచివా అని వాదించుకునేంత వైభోగం మనకింకా రాలేదు.

ఇప్పుడు అక్కచెల్లెళ్ళకు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై సారా మీద మన ఆడవాళ్ళు చేసిన పోరాటం దేశమంతా చూసింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997కి సడలిపోయింది. షాపులు మూయించగలిగిన ఆడవాళ్ళే ఇంట్లో మనిషి ముందు ఒంటరిగా మిగిలిపోయారు. ఏం చేస్తారు? డ్యూటీకి రాలేదంటే జ్వరమని అబద్ధం చెప్తారు. బెల్టు షాపు బాకీ తీరుస్తారు. సీసాలు దాస్తారు. మీ కోసం కూడా ఒక సంఘం ఉంది. అల్-అనాన్ అంటారు, 1951లో ఆ బిల్ విల్సన్ భార్య లోయిస్, ఇంకో సభ్యుడి భార్య కలిసి మొదలుపెట్టారు. తాగేవాళ్ళ ఇంటివాళ్ళు కూర్చునేది అది. అతని తాగుడుకు మీరు కారణం కాదు, దాన్ని మీరు అదుపు చేయలేరు, నయం చేయలేరు అని అక్కడ మొదట నేర్చుకుంటారు. వినడానికి కఠినంగా ఉంటుంది గానీ, ఆ మాటతో నిద్రపట్టినవాళ్ళను నేను చూశాను.

ఇంకొకటి. కూరలో తెలియకుండా కలిపే పొడి అని గోడల మీద ప్రకటనలు చూస్తారు. దయచేసి వద్దు. అందులో ఏముందో ఎవరికీ తెలియదు. డైసల్ఫిరామ్ అనే మాత్రను డాక్టర్లు రాస్తారు, కానీ మనిషికి చెప్పి, అతను ఒప్పుకున్నాకే. తెలియకుండా అది తిని పైన తాగితే వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణమే పోవచ్చు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక మహిళ: మా ఇంటాయప్ప రానే రానంటాడు మేడం. నేనేం చేసేది?)

ముందు నువ్వు ఫోన్ చెయ్యమ్మా, ఆ నంబర్లకు ఇంటివాళ్ళు కూడా మాట్లాడొచ్చు. అల్-అనాన్ ఆన్‌లైన్‌లో దొరికితే అందులో కూర్చో. ఆయనతో తాగి ఉన్నప్పుడు మాట్లాడొద్దు, పొద్దున మాట్లాడు. తిట్టకుండా, నిన్న రాత్రి ఏం జరిగిందో అంతవరకే చెప్పు. మానేసినాయన ఒకరు వచ్చి మాట్లాడితే వింటావా అని అడుగు. ఊఁ అంటే ఏఏ వాళ్ళకు ఫోన్ చేసి అడుగు, మనిషి దగ్గరికి పోయి మాట్లాడటం వాళ్ళ పద్ధతిలోనే ఉంది. ఊఁ అనకముందే మాత్రం తీసుకురావద్దు. కొడితే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టు, ఆడవాళ్ళ సాయం కోసం ఉన్న 181 నంబరుకు చెయ్యి. తాగి కొట్టాడు కాబట్టి తప్పు లేదనేది ఎక్కడా లేదు.

(ఒక యువకుడు: మళ్ళీ తాగితే మీటింగుకు పోనిస్తారా?)

పోనిస్తారు. తాగిన మరునాడే పోవాలి. వాళ్ళలో జారనివాళ్ళు తక్కువ.

(వెనక నుంచి ఒక పెద్దాయన: మాది మారుమూల పల్లె. బస్సే రెండు పూటలు. మా ఊళ్ళో మానినోళ్ళం ఇద్దరమే ఉండాం. మేం యాడికి పోవాల?)

ఇద్దరున్నారు కదన్నా, సరిపోతుంది. తాగుడు మానడానికి ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటే, వేరే ఏ సంస్థకూ అనుబంధం లేకుండా ఉంటే, అదే ఏఏ గ్రూపు అనుకోవచ్చని వాళ్ళ పద్ధతుల్లోనే ఉంది. ఒక వారం, ఒక టైం పెట్టుకోండి, వర్షమొచ్చినా మార్చొద్దు. సాయంత్రమైతే మంచిది. స్కూలు వరండా అడగండి. పార్టీ ఆఫీసు వద్దు, సర్పంచి ఇల్లు వద్దు, ఏ పార్టీవాడైనా రాగలిగేట్టు ఉండాలి. ఇద్దరూ ఫోన్లో ఏదైనా ఆన్‌లైన్ మీటింగ్ నాలుగు వారాలు విని పద్ధతి తెలుసుకోండి. ఏఏ వాళ్ళకు ఫోన్ చేసి తెలుగు పుస్తకాలు ఉన్నాయా అని అడగండి. మీ నంబరు ఇక్కడ కౌన్సిలర్ అమ్మాయికి ఇచ్చిపోండి, మీ మండలం నుంచి ఎవరైనా డిశ్చార్జ్ అయితే మీకు చెప్పొచ్చా అని వాళ్ళను అడిగి, ఒప్పుకుంటే మీకు ఫోన్ చేస్తుంది. మీకు సమ్మతమేనా?

(పెద్దాయన: రాసుకోమనండి.)